ఒక్క పొయ్యి, ఒక్క పెనం, రాత్రి తొమ్మిదింటి ఆకలి

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది భీమవరం. ఉద్యోగం మీద జపాన్ వచ్చాను. కవసాకిలో ఒక గది అపార్ట్‌మెంట్. వంటగది అంటే ఒక సింకు, ఒకే ఒక్క కరెంటు పొయ్యి. రైస్ కుక్కర్ కొనుక్కున్నాను. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. అన్నం వండటం, గుడ్డు ఉడకబెట్టడం తప్ప నాకేమీ రాదు. అమ్మ వీడియో కాల్‌లో చెప్పే కూరలకి కావలసినవి ఇక్కడ సగం దొరకవు. దొరికినా ఉల్లిపాయలు వేగేసరికే పది అవుతోంది. పోనీ ఇక్కడి వంటలే నేర్చుకుందామని వీడియోలు చూస్తే ఒక్కోదానికి పద్నాలుగు సీసాలు చూపిస్తున్నారు. చివరికి కప్ నూడుల్స్‌తో సరిపెట్టుకుంటున్నాను. చికెన్, గుడ్డు, చేప తింటాను. బీఫ్, పోర్క్ తినను. జపాన్‌దైనా చైనాదైనా కొరియాదైనా సరే, నాలాంటి వాడు రాత్రిపూట చేసుకోగలిగేవి చెప్పండి. ఇంకో మాట, సంక్రాంతి వెళ్లాక అమ్మా నాన్నా వస్తున్నారు. అమ్మ గురువారం నీచు ముట్టదు. ఆ రోజు ఏం చెయ్యాలి?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ పద్నాలుగు సీసాల వీడియోలు కట్టెయ్. నీకు ప్రస్తుతం కావలసినవి నాలుగే: సోయా సాస్, మిరిన్, దాషి పొడి, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద. నీ ఇంటి దగ్గర సూపర్‌మార్కెట్‌లో నాలుగూ ఉంటాయి. మిసో మాత్రం ఫ్రిజ్ అరల వైపు వెతుక్కోవాల్సి రావచ్చు. నువ్వుల నూనె, ఆయిస్టర్ సాస్ లాంటివి చెయ్యి కుదిరాక వచ్చే నెల కొనుక్కుందువు గాని.

సోయా సాస్ కొనేటప్పుడు ఒక తిరకాసు ఉంది. మామూలుగా వాడే నల్లటిది కొయికుచి. దాని పక్కనే లేత రంగులో ఉసుకుచి అని ఉంటుంది. రంగు తక్కువ కాబట్టి ఉప్పూ తక్కువేలే అని చాలామంది అదే తీసుకుంటారు. నిజానికి ఉసుకుచిలోనే ఉప్పు ఎక్కువ. నువ్వు కొయికుచితో మొదలుపెట్టు. అందులోనూ ఒక టేబుల్‌స్పూన్‌కి సుమారు రెండున్నర గ్రాముల ఉప్పుంటుంది. అందుకే సోయా సాస్ పడిన వంటలో ఉప్పు డబ్బా మూత తియ్యకు. మన చెయ్యి అలవాటుగా డబ్బా మీదకి వెళ్తుంది, అదే ఇక్కడ కొంప ముంచుతుంది.

మిరిన్ బియ్యంతో చేసే తియ్యటి మద్యం. అసలు మిరిన్‌లో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉంటుంది. వంటలో మరిగినప్పుడు చాలావరకు పోతుంది. అయినా పట్టింపు ఉంటే మిరిన్‌ఫూ అని ఇంకోటి దొరుకుతుంది, అందులో ఒక్క శాతం కూడా ఉండదు. అదీ వద్దనుకుంటే టేబుల్‌స్పూన్ మిరిన్‌కి బదులు ఒక టీస్పూన్ పంచదార, కాసిని నీళ్లు వేసుకో. కొంచెం మెరుపు తగ్గుతుంది తప్ప వంట చెడదు.

ఇక దాషి. ఎండబెట్టి పల్చటి రేకులుగా తురిమిన బొనీటో చేప, కొంబు అనే సముద్రపు నాచు, ఈ రెంటినీ నీళ్లలో వేసి తీసే సారం అది. జపాన్ వంటకి పునాది. నువ్వు సారం తీస్తూ కూర్చోనక్కర్లేదు, పొడి దొరుకుతుంది. మసాలా లేకుండా వీళ్ల తిండికి రుచి ఎక్కణ్నుంచి వస్తుందని మనవాళ్లకి అనుమానం కదా, జవాబు ఈ నీళ్లలోనే ఉంది. 1908లో టోక్యోలో కికునయె ఇకెద అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ కొంబు నీళ్లలోంచి గ్లుటమేట్‌ని విడదీసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. బాగా పండిన టమాటాలోనూ అదే ఉంటుంది. మన టమాటా చారులో పప్పు లేకపోయినా రుచి నిలబడటానికి ఒక కారణం అదే.

సామాన్ల సంగతి అయింది. ఇక అన్నం. నీకు వచ్చు అన్నావు కానీ రెండు మాటలు విను. కుక్కర్‌తో వచ్చిన కప్పు మామూలు కప్పు కాదు. 180 మిల్లీలీటర్లే, సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. గిన్నె లోపలి గీతలు ఆ కప్పు లెక్కకే గీసినవి. ఇంట్లో ఉన్న టీ కప్పుతో బియ్యం కొలిచి గీతదాకా నీళ్లు పోస్తే అన్నం పలుకైనా అవుతుంది, ముద్దైనా అవుతుంది. ఇంకా, సోనా మసూరికి పోసినట్టు ఒకటికి రెండు పొయ్యకు. జపాన్ బియ్యానికి ఒకటికి ఒకటీ, పైన ఇంకొంచెం, అంతే. ఆ కప్పుతో ఒక కప్పు వండితే నీకు రెండు పూటలకి వస్తుంది. 2025లో అక్కడ 5 కిలోల సంచి 4,000 యెన్లు దాటింది కాబట్టి అన్నం పారేసే రోజులు కూడా కావివి.

ఆదివారం మూడు కప్పులు వండు. వేడిగా ఉండగానే ఒక్కో పూటకి సరిపడా ప్లాస్టిక్ ర్యాప్‌లో పల్చగా చుట్టు, చల్లారగానే ఫ్రీజర్‌లో పడెయ్. అక్కడి ఇళ్లలో చాలామంది చేసే పనే ఇది. రాత్రి వచ్చి మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలు పెడితే అప్పుడే దించినట్టు ఉంటుంది. ఫ్రిజ్ కింది అరలో పెడితే మాత్రం గట్టిపడిపోతుంది. ఫ్రైడ్ రైస్‌కి అయితే అదే మంచిది, ఆ సంగతి తర్వాత చెప్తాను. అన్నం రాత్రంతా బయట వదిలెయ్యకు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉడికినా చావదు. అన్నం గది వేడిలో ఉన్నంతసేపూ అది పెరిగి విషం తయారుచేస్తుంది, తర్వాత ఎంత వేడిచేసినా ఆ విషం పోదు.

ఇప్పుడు నీ మొదటి వంట. ఒయకొదొన్ అంటారు. చికెన్, ఉల్లిపాయ, గుడ్డు, కింద వేడన్నం. టోక్యోలో తమహిదె అనే పాత చికెన్ హోటల్లో 1891లో పుట్టిందని చెప్తారు. ఇప్పుడది జపాన్‌లో ఇంటింటి వంట. నేను నీకు ఒక్కటే నేర్పాలంటే ఇదే నేర్పుతాను, ఎందుకంటే ఇది వచ్చిందంటే మిగతావన్నీ సగం వచ్చినట్టే.

పొయ్యి వెలిగించకముందే అన్నీ సిద్ధం చేసుకో. ఎముక లేని చికెన్ లెగ్ మాంసం ఒక 120 గ్రాములు, బొటనవేలి కొసంత ముక్కలు. రాత్రి షాపు మూసే ముందు వెళ్తే మాంసం ప్యాకెట్ల మీద సగం ధర స్టిక్కర్లు పడతాయి, నీ టైమింగ్‌కి అది కలిసొచ్చే విషయం. సగం ఉల్లిపాయ నిలువుగా, సన్నగా. ఒక గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు, అందులో పావు టీస్పూన్ కూడా మించకుండా దాషి పొడి, ఒక టేబుల్‌స్పూన్ సోయా సాస్, ఒక టేబుల్‌స్పూన్ మిరిన్, ఒక టీస్పూన్ పంచదార. రుచి మొత్తం ఆ గ్లాసులో ఉంది. వంట మధ్యలో సీసాలు వెతుక్కోవడం ఉండదు. రెండు గుడ్లు గిన్నెలో కొట్టి చాప్‌స్టిక్‌తోనో ఫోర్క్‌తోనో ఏడెనిమిది సార్లు కలిపి ఆపెయ్. ఆమ్లెట్‌కి గిలకొట్టినట్టు గిలకొట్టకు. తెల్లసొన అక్కడక్కడా విడిగా కనపడాలి.

చిన్న పెనంలో గ్లాసులోని నీళ్లు, ఉల్లిపాయ వేసి మరగనివ్వు. చికెన్ ముక్కలు పరిచి మధ్యస్థం మంట మీద ఐదు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పు. ఒక ముక్క కోసి చూడు, లోపల గులాబీ రంగు లేకపోతే ఉడికినట్టే. ఇప్పుడు గుడ్డులో మూడింట రెండొంతులు అంచుల నుంచి మధ్యకి చుట్టూ పొయ్. గరిటె పెట్టకు. అంచుల్లో బుడగలు వచ్చి గుడ్డు మబ్బుగా గట్టిపడటం మొదలవుతుంది, ఒక అర నిమిషం. మిగతా గుడ్డు మధ్యలో పోసి, మూతపెట్టి, పొయ్యి ఆపెయ్. నీది కాయిల్ పొయ్యి అయితే ఆపినా వేడి ఉంటుంది, కాబట్టి పెనం పక్కకి దించు. ఒక నిమిషం ఆగి మూత తీస్తే పైన గుడ్డు ఇంకా కొంచెం జారుగా, మెరుస్తూ ఉంటుంది. గిన్నెలో ఉన్న అన్నం మీదకి అలాగే జార్చు. ఆ రసం అన్నంలోకి దిగాలి.

జారుగా ఉన్న గుడ్డు తినబుద్ధి కాకపోతే ఇంకో నిమిషం ఉంచు, తప్పేం లేదు. జపాన్‌లో గుడ్ల డబ్బా మీద వేసే తేదీ పచ్చిగా తినడానికి లెక్కగట్టినది. ఆ తేదీ దాటిన గుడ్డైతే మాత్రం పూర్తిగా గట్టిపడేదాకా ఉడికించు. సెలవులకి భీమవరం వచ్చినప్పుడు ఈ జారు గుడ్డు ప్రయోగం చెయ్యకు.

ఇక్కడ నేను అసలు చెప్పదలచుకున్నది ఉంది. ఈ వంటల్లో మనవాళ్లు తడబడేది ఎక్కువగా ఒకచోటే, పొయ్యి ఆపే దగ్గర. మనం నూనె తేలేదాకా వేయించాలని, పచ్చివాసన పోయేదాకా మగ్గించాలని పెరిగినవాళ్లం. కూర ఇంకో ఐదు నిమిషాలు ఉడికితే బాగుపడుతుందే కానీ చెడదు. అక్కడ చాలా వంటలు అలా కాదు. గుడ్డు ముప్పై సెకన్లు ఎక్కువైతే రబ్బరైపోతుంది, మొలకలు నిమిషం ఎక్కువైతే నీరుకారిపోతాయి, మిసో మరిగితే వాసన పోతుంది. కోసుకోవడానికి పది నిమిషాలు, వండటానికి ఐదు. నీలాంటి ఎనిమిదిన్నర మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

మిసో సూప్ సంగతే చూడు. పేరు చూసి పెద్ద వంట అనుకోకు. మంచినీళ్లు, దాషి పొడి, తోఫు (సోయా పాల పనీర్ లాంటిది) ముక్కలు వేసి కాగనిచ్చి, పొయ్యి ఆపేశాక మనిషికి ఒక టేబుల్‌స్పూన్ చొప్పున మిసో గరిటెలో పెట్టి ఆ నీళ్లలోనే కరిగించడం, అంతే. నీకు ఒక్కటే పొయ్యి, దాని మీద ఒయకొదొన్ ఉంది కాబట్టి ఇంకా తేలిక దారి: సూప్ గిన్నెలోనే మిసో, చిటికెడు దాషి పొడి, చిటికెడు ఎండు వకమె నాచు వేసి కెటిల్ నీళ్లు పోసి కలుపు. వకమె మాత్రం చిటికెడే. గుప్పెడు వేశావంటే అది నీళ్లు తాగి గిన్నె దాటి పైకొస్తుంది.

రెండో వంట చైనాది, టమాటా గుడ్డు. చైనాలో ఇల్లు వదిలి హాస్టల్‌కి వెళ్లే పిల్లలు ముందు నేర్చుకునే వంటల్లో ఇదొకటి. సీసాలేవీ అక్కర్లేదు. నీకిది కొత్తగా కూడా ఉండదు. మన టమాటా గుడ్డు పొరుటుకి దగ్గరి చుట్టం. తేడా అంతా వరసలోనే. మనం టమాటా మగ్గాక అందులో గుడ్డు కొట్టి పొయ్యి మీద పొడిపొడి అయ్యేదాకా కలుపుతాం. వాళ్లు గుడ్డు ముందు చేసి పక్కన పెట్టుకుంటారు. మూడు గుడ్లలో చిటికెడు ఉప్పు వేసి గిలకొట్టు. పెనంలో టేబుల్‌స్పూన్‌న్నర నూనె బాగా కాగాక గుడ్డు ఒక్కసారిగా పొయ్; పొంగుతుంది. పెద్ద పెద్ద మడతలుగా తోసి, ఇంకా తడిగా ఉండగానే గిన్నెలోకి తీసెయ్. అదే పెనంలో కొంచెం నూనె, రెండు పండిన టమాటాల ముక్కలు, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూన్ పంచదార. మూతపెడితే నాలుగైదు నిమిషాల్లో రసం ఊరుతుంది. గుడ్డు మళ్లీ అందులో వేసి రెండు తిప్పులు తిప్పి, ఉల్లికాడలు చల్లి దించు. పంచదార చూసి ముఖం చిట్లించకు, అది తీపికి కాదు, పులుపు విరగడానికి. జపాన్‌లో టమాటాలు చవక కాదు కాబట్టి ఇది వారానికి ఒకసారి చాలు.

ఒంట్లో ఓపిక లేని రోజులు ఉంటాయి, ఆ రోజుల కోసం కొరియావాళ్ల గుడ్డన్నం. వేడన్నం మీద ఒక ఫ్రైడ్ ఎగ్, ఒక టీస్పూన్ సోయా సాస్, అర టీస్పూన్ నువ్వుల నూనె. పచ్చసొన చిదిపి కలుపుకుని తినడమే. పక్కన చల్లటి తోఫు ముక్క మీద తురిమిన అల్లం, రెండు చుక్కల సోయా సాస్. దానికి వంటే లేదు, ప్యాకెట్ కోసి నీళ్లు వంచడమే. ఈ నువ్వుల నూనె మాత్రం మన పప్పునూనె కాదు. మనం ఆవకాయలో పోసేది వేయించని నువ్వులది. అక్కడ వాడేది బాగా వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగుది, ఘాటైన వాసన. దాన్ని ఎక్కువగా చివర్లో చుక్కలుగా వేస్తారు. ఇల్లు వదిలేటప్పుడు సూట్‌కేసులో పప్పునూనె సీసా తెచ్చుకుని ఉంటే అది ఆవకాయన్నంలోకి దాచుకో.

భీమవరం మనిషివి కాబట్టి చేప సంగతి చెప్పకపోతే ఊరుకోవు. చెరువు చేపల పులుసు అక్కడ కుదరదు, ఆ ఆశ వదులుకో. ఉప్పు పట్టించిన సాల్మన్ ముక్కలు ప్యాకెట్లలో దొరుకుతాయి. వాటిలో ఉప్పు తక్కువది అమకుచి, ఎక్కువది కరకుచి. కరకుచిలో కారమేమీ ఉండదు. అమకుచి తీసుకో. పెనంలో బేకింగ్ పేపర్ పరిచి, చర్మం వైపు కిందకి పెట్టి నాలుగు నిమిషాలు, తిప్పి మూతపెట్టి మూడు నిమిషాలు. నూనె వద్దు, ఉప్పు వద్దు, గది నిండా వాసన కూడా ఉండదు. అన్నం, మిసో సూప్, ఈ చేప ముక్క పెట్టుకుంటే అక్కడి ఇళ్లలో మామూలు భోజనం అదే.

గట్టిపడిన ఫ్రిజ్ అన్నానికి కిమ్చి, అంటే కొరియావాళ్ల పులియబెట్టిన క్యాబేజీ పచ్చడితో ఫ్రైడ్ రైస్ చేసుకో. చేసిన కొత్తలో ఉండే కిమ్చి కాదు, పులిసినదైతేనే రుచి. జపాన్‌లో తయారయ్యే కిమ్చి చాలావరకు కొంచెం తియ్యగా ఉంటుంది, కొన్నాక ఫ్రిజ్‌లో వారం పది రోజులు మర్చిపో. నూనెలో ఒక గుప్పెడు కిమ్చి ముక్కలు రెండు నిమిషాలు వేయించి, అన్నం వేసి పొడిపొడిగా విడగొట్టి, డబ్బాలో మిగిలిన ఎర్రటి రసం రెండు చెంచాలు, ఒక టీస్పూన్ సోయా సాస్. పైన గుడ్డు. కారం చాలకపోతే గొచుజాంగ్ అనే కొరియా మిరప ముద్ద ఒక చెంచా. ఒక్కసారికి ఒక్క ప్లేటు సరిపడానే చెయ్. నీ కరెంటు పొయ్యి వేడికి పెనం నిండా అన్నం పోస్తే వేగదు, ఆవిరి పట్టి ముద్దైపోతుంది. చికెన్ ఖీమాతో థాయ్‌వాళ్ల గపావు కూడా ఇలాగే పది నిమిషాల పని. వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచి వేయించి, 150 గ్రాముల ఖీమా వేసి, పచ్చి పోయాక రెండు టీస్పూన్ల ఆయిస్టర్ సాస్, ఒక టీస్పూన్ నంప్లా అనే చేప సాస్, అర టీస్పూన్ పంచదార, దించేముందు గుప్పెడు ఆకు. కారం ఇష్టమైతే నీకు అన్నిటికన్నా ఇదే నచ్చుతుంది, రాసి పెట్టుకో. అందులో వాడే క్రపావు ఆకు వృక్షశాస్త్రం లెక్కలో మన తులసి జాతే. వాళ్ల రకం వాసన వేరు, కానీ అమ్మకి ఈ సంగతి ఫోన్‌లో చెప్పకు. జపాన్ సూపర్‌మార్కెట్లలో దొరికేది ఎలాగూ మామూలు బేసిల్, అది వేస్తే నీకే చిక్కూ లేదు.

చవగ్గా ఏదైనా కావాలంటే పెసర మొలకల ప్యాకెట్. అక్కడి కూరగాయల్లో బాగా చవకైనవాటిలో ఇదొకటి. బాగా కాగిన నూనెలో ఒక నిమిషం, సోయా సాస్, మిరియాల పొడి, దించు. నిమిషం అంటే నిమిషమే.

బీఫ్, పోర్క్ తినను అన్నావు కాబట్టి ఇది శ్రద్ధగా చదువు. జపాన్‌లో అట్టపెట్టెల్లో వచ్చే కర్రీ బిళ్లలు చూసి మన కూరే కదా అని చాలామంది మోసపోతారు. వాటిలో చాలా రకాల్లో బీఫ్ కొవ్వు, పోర్క్ కొవ్వు ఉంటాయి. కూరగాయల బొమ్మ వేసి ఉన్నా సరే. మాపో తోఫు అనే చైనా కూర రెడీమేడ్ ప్యాకెట్లు, కప్ నూడుల్స్ పులుసు పొడులు, ఫ్రీజర్‌లో గ్యోజాలు అనే కూరిన కుడుముల్లాంటివి, వీటిలోనూ పోర్క్ సర్వసాధారణం. అవును, నువ్వు ఇన్నాళ్లూ తిన్న కప్ నూడుల్స్ కూడా ఒకసారి తిప్పి చూడు. ఫోన్ కెమెరాతో లేబుల్ అనువాదం చేసుకోవచ్చు. అయితే ప్యాకెట్ కింద అలర్జీ పట్టికలో బీఫ్, పోర్క్ కనపడలేదు కదా అని ధీమా పడకు. అక్కడి చట్టం ప్రకారం గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత, వేరుశనగ లాంటివి తప్పనిసరిగా రాయాలి. బీఫ్, పోర్క్, చికెన్ రాస్తే మంచిదని సూచన మాత్రమే. పట్టిక కాదు, పదార్థాల వరస మొత్తం చదవాలి. ఇంట్లో నువ్వే ముడి సరుకుతో చేసుకుంటే ఈ గొడవే ఉండదు. పైన చెప్పినవాటిలో సీసా సాస్‌లు, కిమ్చి తప్ప మిగతావన్నీ చూస్తే ఏమిటో తెలిసేవే.

ఇక అమ్మ గురువారం. ఇక్కడ మూడు గుంటలున్నాయి. నీ దాషి పొడిలో చేప ఉంది. కిమ్చిలో సాధారణంగా రొయ్యో చేప సాసో ఉంటుంది. మిసో అయితే స్వతహాగా సోయా గింజలు, బియ్యమో బార్లీయో, ఉప్పు, శాకాహారమే. కానీ దాషి కలిపి అమ్మే మిసో కూడా ఉంటుంది, సులువని చాలామంది అదే కొంటారు. నీ ఇంట్లో ఉన్నది అదైతే అమ్మకి పనికిరాదు. కాబట్టి వాళ్లు రాకముందే మామూలు మిసో డబ్బా ఒకటి, కొంబు ముక్కల ప్యాకెట్ ఒకటి తెచ్చి పక్కన పెట్టు. లీటరు నీళ్లలో పది గ్రాముల కొంబు వేసి బుధవారం రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి సారం తయారు. రెండు ఎండు షీటకే పుట్టగొడుగులు కూడా వేస్తే ఇంకా బాగుంటుంది.

ఆ సమయానికి ముల్లంగి, పాలకూర మంచి రుచి మీద ఉంటాయి. అక్కడి లావు ముల్లంగిని రెండు వేళ్ల మందం చక్రాలుగా కోసి, తొక్క తీసి, ఆ కొంబు నీళ్లలో పుల్ల గుచ్చితే దిగేదాకా ఉడకబెట్టు. ముప్పావుగంట దాకా పట్టొచ్చు, ఇది ఒక్కటే ఆలస్యం వంట. ఒక టేబుల్‌స్పూన్ మిసో, అంతే పంచదార, కాసిని నీళ్లు చిన్న మంట మీద చిక్కబరిచి ముక్కల మీద పూయి. పాలకూర మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, చన్నీళ్లలో కడిగి, గట్టిగా పిండి, వేయించిన నువ్వుల పొడి రెండు టేబుల్‌స్పూన్లు, సోయా సాస్ రెండు టీస్పూన్లు, పంచదార రెండు టీస్పూన్లు వేసి కలుపు. నువ్వుల పొడి అమ్మకి చిన్నప్పటి నుంచి తెలిసిన రుచే, ఇది ఆవిడ మళ్లీ అడుగుతుంది. తోఫు, వకమెతో మిసో సూప్ కొంబు నీళ్లతోనే చెయ్. సోయా సాస్ నడుస్తుందా అని అడిగితే సోయా, గోధుమ, ఉప్పుతో పులియబెట్టినదని చెప్పు. మిరిన్ మాత్రం ఆ రోజు వద్దు, పంచదార చాలు.

పెరుగు ఏ షాపులోనైనా దొరుకుతుంది, తియ్యనిది చూసి కొను. చివర్లో పెరుగన్నం, ఆవకాయ పడితే నాన్నకి కూడా తిన్నట్టుంటుంది. ఆవకాయంటే గుర్తొచ్చింది. వాళ్లు బయల్దేరకముందే ఫోన్ చేసి, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి సూట్‌కేసులో పెట్టొద్దని గట్టిగా చెప్పు. మాంసం ఉన్న ఏ పదార్థమూ అధికారిక ధ్రువపత్రం లేకుండా జపాన్‌లోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు రెబ్బలు కూడా అంతే, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. కాయ పచ్చళ్లు, పొడులు తెమ్మను. అవి కూడా మూత ఊడకుండా రెండు కవర్లలో చుట్టి.